మూడో 50లో ఆగిపోతున్న అమ్మాయి: ఒక బ్యాక్‌స్ట్రోక్ స్విమ్మర్ కేసు

14 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలకు ఈత కోచింగ్ ఇచ్చేవాళ్లకి పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను. రాయడానికి ఆ అమ్మాయి, వాళ్లమ్మ ఇద్దరూ ఒప్పుకున్నారు. పేరు, ఊరు, కాలేజీ, పోటీల పేర్లు తీసేశాను. టైమింగ్‌లు కాస్త అటూ ఇటూ మార్చాను కానీ వాటి మధ్య తేడాలు, అంటే ఏ 50 మీటర్లలో ఎంత పోయింది అనే లెక్క, ఉన్నది ఉన్నట్టే ఉంచాను. ఈ కేసంతా ఆ తేడాల్లోనే ఉంది మరి. అమ్మాయిని 'పాప' అనే రాస్తాను, పూల్ దగ్గర అందరం అలాగే పిలుస్తాం.

నేపథ్యం

పాపది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం. వేసవి సెలవుల్లో ఊరికే ఇంట్లో కూర్చోబెట్టలేక మున్సిపల్ పూల్‌లో చేర్పించారు. అది 25 మీటర్ల పూల్. అక్కడి కోచ్ మంచి కన్ను ఉన్న మనిషి, పిల్ల వెల్లకిలా పడుకుంటే నడుము నీళ్లలోకి దిగడం లేదని చూసి బ్యాక్‌స్ట్రోక్‌లో పెట్టాడు. నాలుగేళ్లలో రాష్ట్రం దాటింది, గ్రూప్ 2 వయసు విభాగంలో జాతీయ పతకాలు తెచ్చింది. తర్వాత తల్లీకూతుళ్లు హైదరాబాద్‌లో అద్దింటికి మారారు, తండ్రి వ్యాపారం చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. ఈత పిల్లల ఇళ్లలో ఇది మామూలు కథే. ఇల్లు రెండు ముక్కలవుతుంది, ఖర్చు రెండింతలవుతుంది, ఆ బరువంతా స్టాప్‌వాచ్ మీద పడుతుంది.

14 ఏళ్లకు ఆసియా స్థాయి ఏజ్ గ్రూప్ పోటీకి ఎంపికైంది. అదే మొదటి విదేశీ ప్రయాణం. 100, 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ రెండింటిలోనూ హీట్స్‌లోనే, అంటే తొలి రౌండ్‌లోనే, ఆగిపోయింది, 200లో అయితే తన బెస్ట్ కంటే దాదాపు 4 సెకన్లు ఎక్కువ పట్టింది. ఇంటికొచ్చాక కూడా టైమింగ్ మళ్లీ దారిలో పడలేదు. ఏడాది గడిచినా పాత బెస్ట్ అలాగే ఉండిపోయింది. ఆ దశలో నా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఇంటర్ ఫస్టియర్, బైపీసీ.

వాళ్లు చెప్పింది, నేను చూసింది

తల్లి చెప్పిన సమస్య ఒక్కటే: "బరువు పెరిగింది సార్, అందుకే స్పీడ్ పోయింది." తండ్రి ఫోన్‌లో చెప్పింది ఇంకొకటి: "మనసు పెట్టట్లేదు సార్, ఆ ఫారిన్ పోటీ తర్వాత భయం పట్టుకుంది." పాపని అడిగితే, "మూడో 50లో చేతులు రావట్లేదు సార్" అంది. ముగ్గురిలో సూటిగా మాట్లాడింది పాపే.

ఈత తెలియనివాళ్ల కోసం చిన్న వివరం. 50 మీటర్ల పూల్‌లో 200 బ్యాక్ అంటే నాలుగు లెంగ్తులు, ఒక స్టార్ట్, మూడు టర్న్‌లు. స్టార్ట్ తర్వాత, ప్రతి టర్న్ తర్వాత నీళ్ల కింద 15 మీటర్ల దాకా డాల్ఫిన్ కిక్‌తో (రెండు కాళ్లూ కలిపి కొట్టే కిక్) వెళ్లొచ్చు, ఆ గీత దగ్గరికి తల పైకి వచ్చేయాలి. గోడను తన్నిన ఊపుతో నీళ్ల కింద వెళ్లేటప్పుడు ఉండే వేగం పైన చేతులు వేస్తూ వెళ్లేటప్పుడు ఉండదు. 25 మీటర్ల పూల్‌లో పెరిగిన పిల్లలకు గోడలు ఎక్కువ, ఊపిరి సర్దుకునే చోట్లూ ఎక్కువ. అదే పిల్లల్ని 50 మీటర్లలోకి తెస్తే ఆ నడుమ దూరం ఒక్కసారిగా పొడుగైపోతుంది.

స్ప్లిట్‌లు, అంటే ఒక్కో 50కి పట్టిన సెకన్లు, తీశాం. మొదటి 50 బాగానే ఉంది, రెండోది 36.0, మూడోది 37.4, నాలుగోది 37.1. చివరి 50లో కాస్త పుంజుకోవడం మంచి గుర్తే, పిల్లలో పట్టుదల ఉంది. పోతున్నదల్లా మూడోదాంట్లో.

మొదటి ప్రయత్నం: కిలోమీటర్లు

మూడో 50 పడిపోతోందంటే ఎవరికైనా మొదట తట్టేది దమ్ము చాలడం లేదని. మేమూ అక్కడే మొదలుపెట్టాం. కారణం లేకపోలేదు: పాప చిన్న పూల్ నుంచి వచ్చింది, పైగా పదో తరగతి పరీక్షలప్పుడు ప్రాక్టీస్ సగానికి పడిపోయింది, కాబట్టి ఏరోబిక్ పునాది పలచగా ఉందని అనుకోవడం సబబే. వారానికి 32 కిలోమీటర్ల దగ్గరున్న ఈతను మెల్లగా 45 దాకా తీసుకెళ్లాం. పొద్దున 5 గంటలకు ఒక సెషన్, సాయంత్రం ఒకటి.

మొదటి నెల బాగానే అనిపించింది. ప్రాక్టీస్ సెట్లలో టైమ్ నిలకడగా వచ్చింది. తర్వాత చిన్న చిన్న గుర్తులు మొదలయ్యాయి: జలుబు తగ్గకపోవడం, వార్మప్‌లోనే మొహం వాడిపోవడం, ఇదివరకు డెక్ మీద గోల చేసే పిల్ల గోడకి ఆనుకుని ఊరికే నిలబడటం. టైమ్ ట్రయల్ పెట్టాం. మూడో 50 ఇంకో అర సెకను పడిపోయింది.

ఇక్కడ రెండు దార్లు. శరీరం ఇంకా సర్దుకోలేదు, ఇంకో నెల చూద్దాం అనుకోవడం ఒకటి. పునాది సమస్య కానే కాదేమో అని అనుమానించడం రెండోది. నేను రెండోదాని వైపు మొగ్గాను. పునాది బలహీనంగా ఉంటే నాలుగో 50 కూడా మూడోదాంతో పాటే కూలాలి కదా? ఇక్కడ మూడోది ఒక్కటే గుంటలా కనిపిస్తోంది. దమ్ము లేని ఈతగాడు చివర్లో చచ్చిపోతాడు, నడుమ చచ్చిపోయి చివర్లో లేవడు.

రెండో ప్రయత్నం: ప్లేటు తగ్గించడం

ఇది మా నిర్ణయం కాదు, ఇంట్లో అప్పటికే నడుస్తున్నది. నాకు తెలిసేసరికి కొన్ని నెలలైపోయింది. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు. పొద్దున ఖాళీ కడుపుతో పూల్‌కి. మధ్యాహ్నం డబ్బా సగం తిరిగొస్తోంది. ఏడాదిలో పాప 5 సెంటీమీటర్లు పొడుగైంది, 6 కిలోలు పెరిగింది. అందరూ ఆ 6 కిలోలనే చూశారు.

తల్లిని కూర్చోబెట్టి అడిగాను, పొద్దున ఏం పెడుతున్నారని.

"ఏం పెడ్త సార్, పొద్దుగాల తింటే కడుపుల తిప్పుతది అంటది. తినకుంటే ఒళ్లు తేలిగ్గ ఉంటది గదా అని నేను గూడ ఊకున్న."

"రాత్రి ఎన్నింటికి పడుకుంటుందమ్మా?"

"స్టడీ అవర్స్ అయ్యి వచ్చేసరికే తొమ్మిదైతది. రికార్డులు రాసి పండుకునేసరికి పదకొండున్నర. నాలుగున్నరకు నేనే లేపుత."

అంటే అయిదు గంటల నిద్ర, ఖాళీ కడుపు, రోజుకి రెండు పూటల ఈత, వాటి మధ్యలో ఇంటర్. దీని మీద మేం ఇంకో 13 కిలోమీటర్లు పెట్టాం. ఈ నాలుగు విషయాలూ ఒక్కొక్కటిగా ఎవరికో ఒకరికి తెలుసు, ఒకే కాగితం మీద ఎవరూ రాయలేదు. అప్పటినుంచి నా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలకు ఈత టైమింగ్‌ల కంటే ముందు ఒక వారం దినచర్య రాయమంటున్నాను. ఎన్నింటికి లేచారు, ఏం తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు, అంతే.

డాక్టర్ దగ్గరికి

మా ఫిజియో ఆడమనిషి కావడం ఇక్కడ కలిసొచ్చింది. నెలసరి గురించి ఆవిడే అడిగింది. నాలుగు నెలలుగా రాలేదట. తల్లికి తెలుసు, "ఆటలాడే పిల్లలకు గట్లనే ఉంటదట" అని ఎవరో చెబితే వదిలేసింది. ఈ మాట పూల్స్ దగ్గర చాలామంది నోట విన్నాను, కోచ్‌ల నోట కూడా. వరసగా మూడు నెలలు రాకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే, ఆటలాడినా ఆడకపోయినా.

స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ రక్తపరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్ 12 పైనే ఉంది. ఇంట్లో "రక్తం బాగానే ఉంది" అని ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్ నిల్వ, 11 దగ్గరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 15 కంటే తక్కువైతే ఐరన్ లోటే. హిమోగ్లోబిన్ పడిపోకముందే నిల్వ ఖాళీ అవుతుంది, కాబట్టి మామూలు రక్తపరీక్ష ఒక్కటే చేయిస్తే ఇది దొరకదు. నెలసరి ఆగడం, జలుబు తగ్గకపోవడం, నీరసం, ఐరన్ లోటు, తిండి తగ్గడం అన్నీ కలిపి చూసి, మిగతా కారణాలు కావని పరీక్షలు చేసి, డాక్టర్ దీన్ని రెడ్-ఎస్ అన్నారు. ఆటకు ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి లేక శరీరం ఒక్కో పనీ ఆపేసుకుంటూ రావడం. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి ఈ పేరు వాడుతోంది. నెలసరి మాత్రమే కాదు, ఎముకల గట్టిదనం, రోగనిరోధక శక్తి, మూడ్, అన్నిటి మీదా దెబ్బ పడుతుంది. ఎముకలు గట్టిపడాల్సిన వయసులో ఇది ఏళ్ల తరబడి సాగితే తర్వాత పూడ్చుకోవడం కష్టం.

ఇక్కడ ఒక పక్కదారి తొక్కబోయాం, అది చెప్పి తీరాలి. ఊళ్లో తెలిసిన డాక్టర్‌గారు ఒకరు "ఐరన్ డ్రిప్ పెట్టేస్తే రెండు వారాల్లో సెట్ అవుతుంది, గోలీలెందుకు" అన్నారు. వైద్యంగా చూస్తే ఆయన మాటలో తప్పు లేదు. కానీ పాప డోప్ పరీక్షల పరిధిలోకి వచ్చే క్రీడాకారిణి. ఐరన్ నిషేధిత పదార్థం కాదు, అయినా వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిబంధనల ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరం ద్వారా ఎక్కించడమే నిషేధిత పద్ధతి. ఆసుపత్రి చికిత్సలో భాగంగానో, ఆపరేషన్‌కో, రోగనిర్ధారణ పరీక్షకో అయితేనే మినహాయింపు. నీరసానికి కాలనీ క్లినిక్‌లో సెలైన్ పెట్టించుకోవడం మన దగ్గర ఎంత మామూలో తెలుసు కదా! ఈ ఒక్క నిబంధన ప్రతి క్రీడాకారుల ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించాలి. గోలీలు ఒంటికి పడుతున్నప్పుడు మినహాయింపుల జోలికి పోవడం ఎందుకని స్పోర్ట్స్ డాక్టర్ గోలీలే రాశారు, టీకి దూరంగా, నిమ్మరసంతో వేసుకోమన్నారు. ఎవరో ఇచ్చిన ప్రోటీన్ డబ్బా కూడా అదే రోజు మానిపించాం. డబ్బా మీద రాయని పదార్థం ఒంట్లో దొరికినా జవాబుదారీ ఆ పిల్లే.

మూడో 50లో అసలేం జరుగుతోంది

వైద్యం ఒకవైపు నడుస్తుండగా నేను వీడియోలు ముందేసుకున్నాను. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి 15 మీటర్ల గీత దగ్గర నుంచి తీసినవి, టైమ్ ట్రయల్‌వి, పాత పోటీలవి. గోడను తన్నినప్పటి నుంచి తల 15 మీటర్లు దాటేదాకా ఎంత పట్టిందో, నీళ్ల కింద ఎన్ని కిక్‌లు వేసిందో రాసుకుంటూ పోయాను.

స్టార్ట్ తర్వాత 8 కిక్‌లు. మొదటి టర్న్ తర్వాత 6 కిక్‌లు, 15 మీటర్లకు 8.4 సెకన్లు. రెండో టర్న్ తర్వాత 3 కిక్‌లు, 9.2 సెకన్లు. మూడో టర్న్ తర్వాత మళ్లీ 3 కిక్‌లే, 9.3.

రెండో 50తో పోలిస్తే మూడో 50లో పోతున్నది 1.4 సెకన్లు. అందులో 0.8 మొదటి 15 మీటర్లలోనే పోతోంది, ఇంకా చేయి సరిగ్గా వేయకముందే. "చేతులు రావట్లేదు" అని పాప అన్నది నిజమే, కానీ చేతులు రాకపోవడానికి ముందే గోడ దగ్గర వేగం పోతోంది, ఆ పోయిన వేగాన్ని చేతులతో లాక్కురావడానికి పెనుగులాడుతోంది, అందుకే చేతులు బరువెక్కుతున్నాయి. నాలుగో 50లో గోడ అంతే బలహీనంగా ఉన్నా, ఇంకెంతో దూరం లేదని తెగించి చేతులు తిప్పేస్తోంది కాబట్టి కాస్త మెరుగ్గా కనిపిస్తోంది.

నీళ్ల కింద ఆరు కిక్‌లు వేయాలంటే ఆ నాలుగు సెకన్లూ ఊపిరి బిగబట్టాలి. ఐరన్ లేక, నిద్ర లేక, కడుపులో ఏమీ లేక ఉన్న పిల్లకి ఆ నాలుగు సెకన్లు నరకం, గాలి కోసం తొందరగా పైకి వచ్చేస్తుంది. అది అర్థమైంది. కానీ నన్ను ఆపేసింది ఇంకోటి. ప్రాక్టీస్ వీడియోలు చూస్తే, 45 కిలోమీటర్ల వారాల్లో దాదాపు ప్రతి గోడ దగ్గరా పాప వేసింది 2 లేదా 3 కిక్‌లే. వందల టర్న్‌లు, అన్నీ అలాగే. మేం దమ్ము పెంచుతున్నామని అనుకున్న నెలలన్నీ అలిసిపోయి గోడను వదిలేయడం ఎలాగో నేర్పిన నెలలే. రేస్‌లో పాప చేసింది, నేర్చుకున్నదాన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పడమే.

పనిచేసినవి

మొదట నిద్ర. వారంలో రెండు పొద్దుటి సెషన్లు తీసేశాం. సాయంత్రంవి కాకుండా పొద్దుటివే ఎందుకంటే, సాయంత్రం తీసేస్తే ఆ గంటన్నర కాలేజీ లాగేసుకుంటుంది, పొద్దునది తీసేస్తే నిద్రకు దక్కుతుంది. రాత్రి స్టడీ అవర్స్ నుంచి మినహాయింపు కోసం తండ్రి కాలేజీ చుట్టూ తిరిగాడు, వాళ్లు ఒప్పుకోలేదు. ఇంటర్ సెకండియర్‌కి ఇంటికి దగ్గర్లో, స్టడీ అవర్స్ పిచ్చి లేని చిన్న కాలేజీకి మార్చారు. ఈ నిర్ణయానికి ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది, నీట్ సంగతేంటని. నేను అందులో తలదూర్చలేదు. నిద్ర ఏడు గంటలకు తక్కువైతే ఈతలో ఏం మారదని మాత్రం ఖరాఖండిగా చెప్పాను.

తర్వాత తిండి. పొద్దున్నే ఇడ్లీ తినలేని పిల్లకి ఇడ్లీ పెట్టి లాభం లేదు. సగం అరటిపండు, రెండు ఖర్జూరాలతో మొదలుపెట్టాం. పది రోజులకి కడుపు అలవాటు పడింది, పండు మొత్తం, పైన రాగి జావ. నీళ్లలోంచి బయటికి రాగానే, బట్టలు మార్చుకోకముందే, పల్లీ పట్టీ, ఉడికించిన గుడ్లు. రాత్రి అన్నం మళ్లీ వచ్చింది, పప్పుతో, పెరుగుతో. పూల్ దగ్గర తూకం మెషీన్ తీసేశాం. తల్లికి ఇది మింగుడుపడలేదు, "ఇంకా లావైతది సార్" అంది. మూడు నెలలు బరువు చూడొద్దు, టైమ్ మాత్రం చూడండని ఒప్పందం చేసుకున్నాం. ఒప్పందం మధ్యలో ఆవిడ చాటుగా చూసిందని నాకు తెలుసు, అడగలేదు.

మూడోది గోడలు. వారం కిలోమీటర్లు 30కి దించాం. ప్రతి సెట్‌లో ఒకటే షరతు: టర్న్ తర్వాత 5 కిక్‌లు. అయిదుకి తగ్గితే సెట్ అక్కడితో ఆపేయడమే, ఇంకా ఎన్ని మిగిలున్నా సరే. అయిదే ఎందుకంటే, మొదటి గోడ దగ్గర పాప సులువుగా 6 వేస్తోంది, నాలుగు గోడల దగ్గరా నిలబెట్టగలిగేది అంతకంటే ఒకటి తక్కువ. మొదట్లో 8, చివర్లో 3 కంటే 6, 5, 5, 5 మేలు. మొదటి వారం సెట్లు నాలుగో రిపీట్ (సెట్‌లో ఒక్కో విడత) దగ్గరే ఆగిపోయాయి. పాపకి ఏడుపొచ్చేది. "ఇంకొక్కటి చేస్తా సార్, ఈసారి వేస్తా" అని బతిమాలేది. ఆ ఇంకొక్కటి ఇవ్వకపోవడమే ఈ కేసులో నాకు అన్నిటికంటే కష్టమైన పని. కష్టపడతానంటున్న పిల్లని వద్దని బయటికి పంపడం కోచ్‌ల ఒంటికి పడదు. మనం పెరిగింది వేరేలా.

నాలుగో నెలలో నెలసరి తిరిగి వచ్చింది. ఫెరిటిన్ 30 దాటింది. అప్పటికి సెట్లు చివరిదాకా వెళ్తున్నాయి, అప్పుడే కిలోమీటర్లు మెల్లగా పెంచడం మొదలుపెట్టాం. ముందు గోడలు కుదరనిచ్చి తర్వాత దూరం పెంచాం, ఈ వరస తారుమారైతే మళ్లీ మొదటికే వస్తాం.

విదేశీ పూల్‌లో భయం అన్నది ఏమిటి

తండ్రి అన్న 'భయం' సంగతి. పాపతో ఆ మొదటి పోటీ గురించి తీరుబడిగా మాట్లాడితే రెండు విషయాలు బయటపడ్డాయి.

ఒకటి, స్టార్ట్. అంతర్జాతీయ పోటీల్లో బ్యాక్‌స్ట్రోక్ స్టార్ట్‌కి లెడ్జ్ ఉంటుంది, గోడ మీద పాదాలు జారకుండా కింద ఆనించుకునే వాలు పలక. నీటిమట్టానికి 4 సెంటీమీటర్లు పైనుంచి 4 కింద దాకా అయిదు సెట్టింగ్‌లు ఉంటాయి. మన దగ్గర పిల్లలు ప్రాక్టీస్ చేసే చాలా పూల్స్‌లో అది లేదు. పాప దాన్ని మొదటిసారి ముట్టుకున్నది పోటీ వార్మప్‌లో, ముప్పై మంది క్యూలో. ఏ సెట్టింగ్ తనకు సరిపోతుందో తెలియదు. రేస్‌లో నడుము మరీ పైకి లేచి, వీపు పళ్లెంలా నీళ్ల మీద పడింది.

రెండు, పైకప్పు. మన పూల్స్ ఎక్కువ ఆరుబయటివి. అక్కడ ఇండోర్. ఆకాశం కింద ఈదిన పిల్లకి పైన అడ్డదిడ్డంగా దూలాలు కనిపిస్తే కళ్లు వాటి వెంట పోయాయి, లేన్ రోప్‌కి భుజం రాసుకుంది.

ఇది భయం కాదు, అలవాటు లేకపోవడం. భయానికి మాటలు చెప్పాలి, అలవాటుకి సాధన కావాలి. లెడ్జ్‌కి వెల్డింగ్ షాపు అతనితో స్టీల్ పట్టీ, వాలు చెక్క కలిపి ఒకటి చేయించాం. అధికారిక కొలతలది కాదు, ఎవరో ఒకరు పక్కన నిలబడి పట్టుకోవాలి, కానీ పాదం ఎక్కడ ఆనాలో తెలుసుకోవడానికి చాలు. పాపకి 2 సెంటీమీటర్లు కింద సెట్టింగ్ కుదిరింది. పైకప్పు సమస్యకి బెంగళూరులో ఇండోర్ పూల్‌లో వారం ప్రాక్టీస్, దారి కోసం పైకి చూడకుండా రెండు చేతుల లాగుడు సమానంగా ఉందా అని వినడం. టెక్ సూట్, అంటే పోటీల్లో వేసుకునే బిగుతు సూట్, కూడా ముందే వేసి చూశాం. 30 వేలు పెట్టి కొన్న సూట్‌ని పాడవుతుందని పోటీ రోజుదాకా కవర్‌లోనే ఉంచుతారు మన తల్లిదండ్రులు. అది ఒంటికి ఎక్కించుకోవడానికే పావుగంట పైన పడుతుంది, ఆ కుస్తీ మొదటిసారి కాల్ రూమ్‌కి (రేస్‌కి ముందు స్విమ్మర్లు కూర్చునే గది) వెళ్లే ముందు పడకూడదు.

తల్లిదండ్రులతో

తండ్రి తరచూ అనేవాడు: "బెంగళూరు అమ్మాయి 14 ఏళ్లకే ఒలింపిక్స్‌కి పోయింది, మనది 16." పారిస్‌కి వెళ్లిన ధినిధి దేసింగు గురించి. ఆ అమ్మాయి గొప్పతనం ఆమెది. వెళ్లిన దారి మాత్రం యూనివర్సాలిటీ కోటా, అర్హత టైమ్ సాధించినవాళ్లు లేని దేశాలు ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని పంపుకునే వీలు. 2021 దాకా మన దేశం నుంచి ఒలింపిక్ ఎ కట్ (నేరుగా అర్హత ఇచ్చే టైమ్) అందుకున్న స్విమ్మరే లేడు, సజన్ ప్రకాశ్ రోమ్‌లో 200 బటర్‌ఫ్లై 1:56.38కి ఈదినప్పుడే ఆ తలుపు తెరుచుకుంది. అప్పటికి అతనికి 27 ఏళ్లు. ఆ వయసే నేను తండ్రికి నొక్కి చెప్పింది.

ఇంకో పేరు కూడా చెప్పాను, అమెరికా స్విమ్మర్ మిస్సీ ఫ్రాంక్లిన్. పాపలాగే బ్యాక్‌స్ట్రోకర్. 2012 లండన్‌లో 17 ఏళ్లకు నాలుగు స్వర్ణాలు, 200 బ్యాక్‌లో 2:04.06తో ప్రపంచ రికార్డు. నాలుగేళ్ల తర్వాత రియోలో అదే 200 బ్యాక్‌లో ఫైనల్‌కి చేరలేదు, భుజాల నొప్పితో 23 ఏళ్లకే రిటైరైంది. ధినిధి వెళ్లిన ఆ పారిస్‌లోనే స్వీడన్ స్విమ్మర్ సారా షోస్ట్రోమ్ 30 ఏళ్ల వయసులో 50, 100 ఫ్రీస్టైల్ రెండూ గెలిచింది. 16 దగ్గర ఆలస్యమైందని లెక్క కట్టడం ఈ ఆటలో కుదరదు. తండ్రి ఒప్పుకున్నాడని చెప్పలేను గానీ ఆ పోలిక మళ్లీ తేలేదు.

ఫలితం, ఇప్పటి పరిస్థితి

పాత బెస్ట్ దాదాపు రెండేళ్ల తర్వాత రాష్ట్ర పోటీల్లో బద్దలైంది, 0.3 సెకన్ల తేడాతో. జాతీయ జూనియర్స్‌కి టేపర్ (పోటీ ముందు ప్రాక్టీస్ తగ్గించడం) ఇచ్చాక ఇంకో సెకనున్నర తగ్గింది. ఆ రేస్‌లో మూడో 50 రెండోదాని కంటే 0.6 మాత్రమే ఎక్కువ. కిక్‌లు 7, 5, 5, 5. స్టార్ట్‌లో ఒకటి ఎక్కువ వేసింది, ఉత్సాహం, వదిలేశాను.

రెండో అంతర్జాతీయ పోటీలో హీట్స్‌లో పదో స్థానం, ఫైనల్‌కి రెండో రిజర్వ్. ఎనిమిది మందిలో ఎవరూ తప్పుకోలేదు. సూట్ వేసుకుని సిద్ధంగా కూర్చుని, చివరికి ఈదకుండానే మార్చుకోవాల్సి వచ్చింది. ఊళ్లో "పతకం రాలేదా" అని అడిగారట. ఇదివరకు హీట్స్‌లో బెస్ట్ కంటే 4 సెకన్లు వెనకబడ్డ పిల్ల ఈసారి విదేశీ పూల్‌లో, ఇండోర్‌లో, లెడ్జ్ మీద నుంచి తన బెస్ట్ ఈదింది. నేను రిపోర్టులో రాసుకున్నది అది.

ఇంకా తేలనివి ఉన్నాయి. ఈ మార్పుల్లో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను, నిద్ర, తిండి, ఐరన్, గోడలు అన్నీ ఒకేసారి మార్చాం. శాస్త్రంగా చూస్తే ఇది బలహీనత. కానీ నెలసరి ఆగిన పిల్లని ప్రయోగం కోసం ఇంకో మూడు నెలలు ఆకలితో ఈదించలేం కదా.

పరీక్షల నెలల్లో తిండి మళ్లీ తగ్గే సూచనలు కనిపిస్తాయి, అప్పుడు తల్లి ఇప్పుడు తనంతట తనే ఫిజియోకి ఫోన్ చేస్తోంది. ఫెరిటిన్ నాలుగు నెలలకోసారి చూస్తున్నాం. ఎడమ భుజంలో కొత్తగా నొప్పి మొదలైంది, నీళ్ల కింద ఎక్కువసేపు చేతులు బిగించి ఉంచడం వల్లా, స్ట్రోక్ వల్లా అన్నది ఫిజియో చూస్తోంది. అమెరికా కాలేజీ ఒకటి స్కాలర్‌షిప్ గురించి మెయిల్ పెట్టింది. అక్కడి కాలేజీ పోటీలు దాదాపు అన్నీ 25 గజాల పూల్‌లో, గోడలే గోడలు. ఇప్పుడు పాపకి అదే బలం. వెళ్తే మాత్రం 50 మీటర్ల నడుమ దూరం మళ్లీ మర్చిపోతుందేమోనని నా అనుమానం. తండ్రి వెళ్లమంటున్నాడు, తల్లి వద్దంటోంది, పాప ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే నెల సీనియర్ నేషనల్స్ అయ్యాక మాట్లాడుకుందామని అనుకున్నాం.